ఇచ్చిన కిడ్నీ ఎన్నేళ్లు పనిచేస్తుందన్నది ఎక్కడ తేలుతుంది?

సంపాదకులకు నమస్కారం.

తల్లి కొడుక్కో, భార్య భర్తకో, అన్న చెల్లెలికో కిడ్నీ ఇచ్చిన వార్త పత్రికలో వచ్చినప్పుడల్లా చివర్లో 'ఆపరేషన్ విజయవంతం, ఇద్దరూ క్షేమం' అని ఉంటుంది. అది అబద్ధం కాదు. బతికున్న దాత ఇచ్చిన కిడ్నీల్లో నూటికి 95కు పైగా మొదటి ఏడాది దాటుతాయి. అయితే జబ్బుతో ఉన్నవాళ్లకూ, వాళ్లకు కిడ్నీ ఇవ్వడానికి సిద్ధపడుతున్నవాళ్లకూ తెలియాల్సింది ఆ తర్వాతి సంగతి: పదో ఏట ఏమవుతుంది, ఇరవయ్యో ఏట ఏమవుతుంది? ఒకే చోట, ఒకే రకం ఆపరేషన్ చేయించుకున్న ఇద్దరిలో ఒకరి కిడ్నీ ఆరేళ్లకే ఆగిపోవచ్చు, ఇంకొకరిది పాతికేళ్లు నడవవచ్చు. ఇందులో అదృష్టం పాలు కొంతే. మిగతా కారణాలు వైద్యానికి బాగా తెలిసినవి, వాటిలో చాలావాటిని మనం సరిదిద్దుకోవచ్చు కూడా. అవి పాఠకులకు వివరంగా చేరడం లేదన్న బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాం.

మొదట ఒక చరిత్ర. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో డాక్టర్ జోసెఫ్ ముర్రే బృందం రోనాల్డ్ హెరిక్ కిడ్నీని అతని కవల సోదరుడు రిచర్డ్‌కు అమర్చింది. దీర్ఘకాలం పనిచేసిన తొలి కిడ్నీ మార్పిడి అదే. ఇద్దరూ ఒకే పిండం నుంచి పుట్టిన కవలలు కాబట్టి రిచర్డ్ శరీరం ఆ కిడ్నీని పరాయిదిగా చూడలేదు, రిజెక్షన్ అన్న సమస్యే రాలేదు. అయినా రిచర్డ్ ఎనిమిదేళ్లే బతికాడు. అతని సొంత కిడ్నీలను పాడుచేసిన నెఫ్రైటిస్ (కిడ్నీ వాపు) జబ్బే కొత్త కిడ్నీలోకీ వచ్చింది. దానం చేసిన రోనాల్డ్ మాత్రం ఒక్క కిడ్నీతో 2010 దాకా, 79 ఏళ్లు వచ్చేదాకా జీవించాడు. శరీరం కిడ్నీని ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదనీ, దాత భవిష్యత్తు కూడా లెక్కలోకి తీసుకోవాల్సిందేననీ ఆ మొదటి కేసే చెప్పింది.

బతికున్న దాత కిడ్నీ ఎందుకు ఎక్కువకాలం వస్తుంది? చనిపోయిన దాతల నుంచి తీసిన కిడ్నీల్లో సగం పది, పన్నెండేళ్ల దాకా పనిచేస్తే, బతికున్న దాతలవి సగం పదిహేను నుంచి ఇరవై ఏళ్ల దాకా పనిచేస్తున్నాయి. రక్తసంబంధం వల్లే ఇలా జరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది కొంతవరకే నిజం. జన్యుపరంగా ఏమాత్రం పోలిక లేని భార్యాభర్తల మధ్య జరిగిన మార్పిడులు కూడా చనిపోయిన దాతల కిడ్నీల కంటే బాగా పనిచేస్తున్నాయని 1995లోనే అమెరికా లెక్కలు స్పష్టంగా చూపించాయి. అసలు కారణం కిడ్నీ ఆరోగ్యం. మెదడు మరణించినప్పుడు శరీరమంతా చెలరేగే వాపు అవయవాలన్నిటినీ గాయపరుస్తుంది. బతికున్న దాతలో ఆ గాయం ఉండదు. రక్తప్రసారం లేకుండా మంచుపెట్టెలో గడిపే సమయం కూడా చాలా తక్కువ, ఎక్కువసార్లు పక్క థియేటరుకు వెళ్లేంత సేపే. అందుకే కుట్లు పూర్తయి రక్తం వదలగానే చాలా కిడ్నీలు బల్లమీదే మూత్రం పోయడం మొదలుపెడతాయి.

ఇక కుటుంబాలు ఎక్కువగా మథనపడే విషయం, మ్యాచింగ్. దీని కింద మూడు వేర్వేరు పరీక్షలు ఉన్నాయి, వాటి బరువు ఒకటి కాదు. బ్లడ్ గ్రూపు కలవడం మొదటిది. రెండోది హెచ్ఎల్ఏ పోలిక, అంటే శరీరం తనదేదో పరాయిదేదో తేల్చుకునే కణాల గుర్తుల పోలిక. తల్లిదండ్రులకూ పిల్లలకూ ఇది సగం కలుస్తుంది. తోబుట్టువుల్లో నలుగురిలో ఒకరికి పూర్తిగా, ఇద్దరికి సగం కలిసే అవకాశం ఉంటుంది, ఒకరికి అసలు కలవకపోవచ్చు. మూడోది క్రాస్‌మ్యాచ్: గ్రహీత రక్తంలో దాత కణాలపై దాడిచేసే యాంటీబాడీలు ముందే తయారై ఉన్నాయా అన్న పరీక్ష. ఆపరేషన్ చేయవచ్చా లేదా అని తేల్చేది ముఖ్యంగా ఈ మూడోదే. హెచ్ఎల్ఏ పోలిక తక్కువైతే ఇప్పటి మందులతో చాలావరకు నెట్టుకురావచ్చు. క్రాస్‌మ్యాచ్ పాజిటివ్‌గా ఉన్నా తెలియకుండా ఆపరేషన్ చేస్తే మాత్రం కొన్ని నిమిషాల్లోనో గంటల్లోనో కిడ్నీ నల్లబడి పోవచ్చు. అందుకే కణాలతో చేసే పాత పరీక్షతోపాటు అంతకంటే సూక్ష్మంగా పట్టే ఫ్లో సైటోమెట్రీ, ఒక్కో యాంటీజెన్‌ను (యాంటీబాడీలు గురిపెట్టే గుర్తును) విడిగా చూసే బీడ్ పరీక్ష కూడా చేయించాలి. వాటిని ఆపరేషన్ తేదీకి దగ్గరలో మరోసారి చేయించాలి.

ఆ యాంటీబాడీలు మూడు దారుల్లో పుడతాయి: గర్భధారణ, రక్తమార్పిడి, గతంలో జరిగిన అవయవ మార్పిడి. పిల్లల్ని కన్న స్త్రీకి భర్తో బిడ్డో కిడ్నీ ఇస్తున్నప్పుడు మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే గర్భం దాల్చినప్పుడే ఆమె శరీరం భర్త యాంటీజెన్లను చూసి ఉంటుంది. ఎన్నో ఏళ్ల క్రితం పోయిన గర్భం కూడా లెక్కే, ఆ సంగతి వైద్యులకు దాచకుండా చెప్పాలి. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు హిమోగ్లోబిన్ తగ్గిందని వెంటనే రక్తం ఎక్కించే అలవాటు మానుకోవాలి. ఐరన్, రక్తకణాలను పెంచే ఎరిత్రోపొయెటిన్ ఇంజెక్షన్లతో పని జరిగేచోట ఎక్కించిన ఒక్కో బాటిల్ రేపటి దాతల సంఖ్యను తగ్గించవచ్చు. బ్లడ్ గ్రూపు కలవకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. ప్లాస్మా మార్పిడి, రిటుక్సిమాబ్ అనే మందుతో యాంటీబాడీల మోతాదు తగ్గించి చేయవచ్చు. అయితే మొదటి నెలల్లో ఇన్ఫెక్షన్లు, రిజెక్షన్ కొంచెం ఎక్కువ. ఇలాంటి చిక్కే ఉన్న ఇంకో జంట దొరికితే దాతలను మార్చుకోవడం చాలాసార్లు మెరుగైన పద్ధతి. రెండు కుటుంబాలకూ ఈ మాట మొదటి రోజే చెప్పకపోవడం మాకు అన్యాయంగా కనిపిస్తుంది.

డయాలసిస్ మీద గడిపిన కాలం గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. దాత ఇంట్లోనే సిద్ధంగా ఉన్నా, 'ఇంకొన్నాళ్లు డయాలసిస్‌తో నెట్టుకొద్దాం, తప్పనిసరైతే చూద్దాం' అని రెండు మూడేళ్లు గడిపే కుటుంబాలు ఎన్నో. ఆ కాలంలో గుండె గోడలు మందమవుతాయి, రక్తనాళాల్లో కాల్షియం పేరుకుంటుంది, కండ కరుగుతుంది. ఆ నష్టం మార్పిడి తర్వాత పూర్తిగా వెనక్కి రాదు. ఒకే దాత నుంచి తీసిన రెండు కిడ్నీలను ఇద్దరికి అమర్చి పోల్చిచూసిన అధ్యయనంలో కూడా ఎక్కువకాలం డయాలసిస్ చేయించుకున్నవారి కిడ్నీయే త్వరగా పోయింది. కిడ్నీ అదే నాణ్యతది కాబట్టి తేడా గ్రహీత శరీరంలోనే ఉందన్నమాట. వీలైతే డయాలసిస్ మొదలుకాకముందే మార్పిడి జరగాలి. దాత పరీక్షలకు నెలలు పడతాయి, మధ్యలో ఒక దాత పనికిరాడని తేలితే ఇంకొకరితో మళ్లీ మొదటినుంచీ రావాలి. అందువల్ల డయాలసిస్ అవసరం పడుతుందని అంచనా వేసిన సమయానికి ఆరు నెలల నుంచి ఏడాది ముందే మార్పిడి కేంద్రానికి వెళ్లాలి. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత శక్తిని చెప్పే అంచనా అంకె) 20 దగ్గరకు వచ్చిందంటే ఇంట్లో ఆ చర్చ మొదలుకావాలి. ఆపరేషన్ మాత్రం సాధారణంగా అది 10 కంటే తగ్గినప్పుడో, అంతకుముందే లక్షణాలు బాధపెడుతున్నప్పుడో చేస్తారు.

దాత ఎంపికలో భావోద్వేగం ఎక్కువ, లెక్క తక్కువ ఉండటం ఇంకో కష్టం. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం దాత జీఎఫ్ఆర్ 90 ఆపైన ఉంటే అంగీకరించవచ్చు, 60 కంటే తక్కువైతే తీసుకోకూడదు, మధ్యలో ఉన్నవాళ్లను వయసు, బీపీ, కుటుంబ చరిత్ర చూసి విడివిడిగా నిర్ణయించాలి. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ రోజుకు 30 మిల్లీగ్రాములలోపు ఉండాలి, 100 దాటితే దానానికి పనికిరారు. రెండు కిడ్నీల్లో ఏదైనా కొంచెం బలహీనమైతే దాన్నే తీసి, మంచిది దాతకు ఉంచాలన్నది ఎప్పటికీ మారని నియమం. రెండూ సమానంగా ఉంటే ఎడమదాన్ని తీయడానికి ఇష్టపడతారు, దాని సిర పొడవుగా ఉండటంతో కుట్టడం తేలిక.

వయసు విషయంలో ప్రజల అంచనా చాలాసార్లు తలకిందులుగా ఉంటుంది. అరవై ఏళ్ల తల్లి కిడ్నీ పాతది, ఇరవై రెండేళ్ల తమ్ముడిది కొత్తది, కాబట్టి తమ్ముడే ఇవ్వాలని పెద్దలు తీర్మానిస్తారు. గ్రహీత ఒక్కడినే చూస్తే యువకుడి కిడ్నీ ఎక్కువకాలం రావచ్చు. కానీ ఆ తమ్ముడికి ముందు అరవై ఏళ్ల జీవితం ఉంది. అతనికి షుగరు వస్తుందా, బీపీ వస్తుందా అన్నది ఇరవై రెండేళ్లకు ఏ పరీక్షా చెప్పలేదు. అన్నకు వచ్చిన జబ్బే అతనిలోనూ దాగి ఉండవచ్చు. అరవై ఏళ్లకు బీపీ, షుగరు, ప్రొటీన్ ఏమీ లేని తల్లి అయితే ఆ పరీక్షలన్నీ జీవితంలోనే నెగ్గి వచ్చినట్టు. మా అభిప్రాయంలో ఇలాంటిచోట ముందు అడగాల్సింది తల్లినే. కొడుక్కి ఎన్నేళ్ల తర్వాతో రెండో కిడ్నీ కావాల్సి వస్తే అప్పటికి తమ్ముడి ఆరోగ్యం ఎలా ఉందో కూడా తేలుతుంది.

శరీరాల సైజు కూడా చూడాలి. నలభై అయిదు కిలోల మనిషి కిడ్నీని తొంభై కిలోల మనిషికి పెడితే అందులోని వడపోత గుచ్ఛాలు మొదటి రోజు నుంచీ తమ శక్తికి మించి పనిచేయాలి. అది ఆపరేషన్‌కు అడ్డు కాదు. కానీ గ్రహీత బరువు తగ్గించుకోవడం, బీపీ కట్టడిలో ఉంచుకోవడం అలాంటివాళ్లకు రెట్టింపు ముఖ్యం.

కిడ్నీ ఎందుకు పాడైందో తెలుసుకోకుండా మార్పిడికి వెళ్లడం ప్రమాదకరం. వడపోత గుచ్ఛాల్లో మచ్చలు పడే ప్రైమరీ ఎఫ్ఎస్‌జీఎస్ అనే జబ్బు దాదాపు ముగ్గురిలో ఒకరికి కొత్త కిడ్నీలో మళ్లీ వస్తుంది, కొందరికి ఆపరేషన్ అయిన గంటల్లోనే మూత్రంలో ప్రొటీన్ పారుతుంది. ఒకసారి అలా పోగొట్టుకున్నవారికి రెండో మార్పిడిలో అది తిరగబెట్టే అవకాశం ఇంకా ఎక్కువ. ప్రైమరీ హైపరాక్సలూరియాలో కాలేయం తయారుచేసే ఆక్సలేట్ కొత్త కిడ్నీలో స్ఫటికాలుగా పేరుకుని దాన్నీ కప్పేస్తుంది. మూలానికి చికిత్స లేకుండా కిడ్నీ ఒక్కటే మార్చితే దాత త్యాగం వృథా అవుతుంది. ఐజీఏ అనే యాంటీబాడీ కిడ్నీలో పేరుకునే ఐజీఏ నెఫ్రోపతీ మళ్లీ రావడం మామూలే గానీ నెమ్మదిగా నడుస్తుంది. పాలిసిస్టిక్ (కిడ్నీల్లో నీటి బుడగలు పెరిగే జబ్బు), ఆల్పోర్ట్ (వడపోత పొర పాడయ్యే జబ్బు) లాంటి వంశపారంపర్య జబ్బులైతే చిక్కు దాత వైపు ఉంటుంది. పాలిసిస్టిక్ కుటుంబంలో పాతికేళ్ల తమ్ముడికి అల్ట్రాసౌండ్‌లో బుడగలు కనబడలేదంటే జబ్బు లేదని కాదు, అప్పటికి పైకి తేలలేదని కూడా కావచ్చు. ఎంఆర్ఐ, అవసరమైతే జన్యుపరీక్ష చేశాకే ఇవ్వనివ్వాలి. చిన్న వయసులోనే కిడ్నీలు కుంచించుకుపోయి, కారణం దొరకనివాళ్లకు జన్యుపరీక్ష ఖరీదైన విలాసమేమీ కాదు.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద విషయానికి వద్దాం. శరీరం కొత్త కిడ్నీపై దాడిచేయకుండా ఇమ్యూనిటీని తగ్గించేందుకు మార్పిడి తర్వాత జీవితాంతం వాడే మందులు సాధారణంగా మూడు: టాక్రోలిమస్, మైకోఫినొలేట్, ప్రెడ్నిసొలోన్. వీటిలో కిడ్నీ ఆయుష్షును ఎక్కువగా నిర్ణయించేది టాక్రోలిమస్. రక్తంలో దాని మోతాదు తగ్గితే రిజెక్షన్, పెరిగితే అదే మందు కిడ్నీకి విషం. చాలా కేంద్రాలు మొదటి మూడు నెలలూ మిల్లీలీటరుకు 8 నుంచి 12 నానోగ్రాముల దగ్గర, తర్వాత 5 నుంచి 8 దగ్గర ఉంచుతాయి. రోగిని బట్టి వైద్యులు దీన్ని మారుస్తారు. ఒకే బరువున్న ఇద్దరికి ఒకే మోతాదు సరిపోదు, ఎందుకంటే ఈ మందును కరిగించే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే చురుకు.

పరీక్షలో జరిగే పొరపాటు చాలా చిన్నది, దాని ఫలితం పెద్దది. రక్తం ఇవ్వాల్సింది రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు, ఉదయం మాత్ర వేసుకోకముందు. రాత్రి 9కి వేసుకుంటే ఉదయం 9కి రక్తమిచ్చి, ఆ తర్వాత మాత్ర వేసుకోవాలి. అలవాటుగా మాత్ర వేసుకుని ల్యాబుకు వెళితే రిపోర్టులో అంకె బాగా ఎక్కువ వస్తుంది. అది చూసి వైద్యుడు మోతాదు తగ్గిస్తాడు. రోగికి నిజంగా ఉండాల్సిన దానికంటే తక్కువ మందుతో నెలలు గడుస్తాయి. రోజుకొకసారి వేసుకునే రకమైతే ఇరవై నాలుగు గంటలు లెక్క. చివరి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో, రక్తం ఎన్నింటికి ఇచ్చారో ల్యాబు చీటీమీద రాయించుకుంటే ఈ తప్పు జరగదు.

మాత్రను భోజనానికి గంట ముందో, రెండు గంటల తర్వాతో వేసుకోవాలి. ఏ పద్ధతి పెట్టుకున్నా రోజూ అదే ఉండాలి. సగటు బాగానే ఉన్నా అంకె ఒకసారి 4, ఒకసారి 11, మళ్లీ 5 అని ఊగిసలాడేవారి కిడ్నీలు స్థిరంగా ఉన్నవారి కంటే ముందుగా పోతున్నాయి. ఆ ఊగిసలాటకు సాధారణ కారణం మాత్రలు తప్పడం. ఒక కంపెనీ మందు నుంచి ఇంకో కంపెనీ మందుకు తెలియకుండా మారడం ఇంకో కారణం. జెనెరిక్ మందులు చెడ్డవి కావు, కానీ మారిన వారంలోపు మళ్లీ రక్తపరీక్ష చేయించకపోవడం చెడ్డది. విరేచనాలు పట్టుకున్నప్పుడు మందు ఒంటికి పట్టదని కొందరు రెండు మాత్రలు వేసుకుంటారు. టాక్రోలిమస్ విషయంలో జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం: పేగు పొర దెబ్బతిని రక్తంలో మందు పెరుగుతుంది. నీళ్లు తగ్గి, మందు పెరిగి, కిడ్నీకి రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి. విరేచనాలు రెండు రోజులు దాటితే మార్పిడి కేంద్రానికి ఫోను చేయాలి.

వేరే వైద్యులు రాసే మందులతో వచ్చే ముప్పు ఇంకా ఎక్కువ. ఫ్లూకొనజోల్, వోరికొనజోల్, క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, డిల్టియాజెమ్, వెరాపమిల్ టాక్రోలిమస్‌ను పెంచుతాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ దాన్ని ఒక్కసారిగా పడేస్తాయి. రిఫాంపిసిన్ మొదలుపెట్టి టాక్రోలిమస్ మోతాదు పెంచకపోతే కొద్ది వారాల్లో రిజెక్షన్ రావడం దాదాపు ఖాయం. క్షయకు చికిత్స ఆపకూడదు కాబట్టి రిఫాబ్యుటిన్ లాంటి ప్రత్యామ్నాయం వాడాలా, మోతాదు ఎంత పెంచాలా అన్నది ఇద్దరు వైద్యులూ కలిసి తేల్చాలి. గౌటుకు అల్లోప్యూరినాల్ రాసేవారు రోగి మైకోఫినొలేట్‌కు బదులుగా ఇచ్చే అజాథయోప్రిన్ వాడుతున్నాడేమో తప్పక అడగాలి, రెండూ కలిస్తే ఎముక మజ్జ కుప్పకూలుతుంది. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ నొప్పి మాత్రలు ముట్టుకోకూడదు. గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస కూడా మందు మోతాదును పెంచుతాయి. అందులో ఏముందో చీటీలో రాయని మూలికా పొడులు వాడవద్దు. ఆమ్లానికి వాడే మెగ్నీషియం, అల్యూమినియం మందులు మైకోఫినొలేట్‌ను పీల్చుకోనివ్వవు, రెండింటి మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి.

మాత్రలు ఎందుకు తప్పుతాయి? చేతులు వణకడం, జుట్టు రాలడం, ముఖం ఉబ్బడం, మొటిమలు, కడుపులో తిప్పడం, ఖర్చు. వీటన్నిటికంటే పెద్ద కారణం, ఒంట్లో బాగుండటం. రిజెక్షన్‌కు నొప్పి ఉండదు, మాత్ర తప్పిన మర్నాడు ఏమీ తెలియదు. ఉదయం మాత్ర కంటే రాత్రి మాత్రే ఎక్కువగా తప్పుతుంది. 17 నుంచి 24 ఏళ్ల వయసులో కిడ్నీలు పోవడం మిగతా వయసులకంటే ఎక్కువ, ఆ వయసులో అమ్మానాన్నల కాపలా తగ్గుతుంది, పిల్లల విభాగం నుంచి పెద్దల విభాగానికి మారతారు, నెలల తరబడి ఎవరూ చూడరు. ఇలాంటివాళ్లను తిట్టడం వల్ల వాళ్లు నిజం చెప్పడం మానేస్తారు, అంతే. రోజుకొకసారి వేసుకునే టాక్రోలిమస్‌కు మార్చడం, ఫోనులో అలారం, వారానికి సరిపడా గళ్ల డబ్బా, దుష్ప్రభావం తట్టుకోలేకపోతే వేరే మందు వంటివి పనికొస్తాయి. ఖర్చు భారమైతే ఆ మాట రోగి నోటినుంచి వచ్చేదాకా ఆగకుండా వైద్యుడే అడగాలి.

మందు తగ్గిన ఆ నెలల్లో లోపల జరిగేది ఇది: గ్రహీత శరీరం కొత్త కిడ్నీపై, ముఖ్యంగా డీక్యూ అనే యాంటీజెన్‌పై కొత్త యాంటీబాడీలు తయారుచేస్తుంది. అవి సన్నని రక్తనాళాల గోడలకు అంటుకుని ఏళ్ల తరబడి వాటిని పాడుచేస్తాయి. మొదట మూత్రంలో కొంచెం ప్రొటీన్, ఆపైన క్రియాటినిన్ (కిడ్నీ బయటకు పంపాల్సిన వ్యర్థం) పెరుగుదల, చివరికి డయాలసిస్. మనిషి బతికి ఉండగా ఆలస్యంగా పోయే కిడ్నీలకు ముఖ్య కారణం ఇదే. ఒకసారి పాతుకుపోతే దాన్ని నమ్మకంగా తిప్పగల మందు ఇప్పటిదాకా చేతికి రాలేదు. అందుకే ముందుగా పట్టుకోవడం మీద ఇంత పట్టుదల.

ముందుగా పట్టుకోవాలంటే క్రియాటినిన్‌ను చదవడం తెలియాలి. స్థిరపడిన అంకె 0.9 ఉన్న మనిషికి ఒక నెల 1.2 వచ్చిందనుకోండి. ల్యాబు రిపోర్టు దాన్ని నార్మల్ అనే చూపిస్తుంది, ఎర్రగీత ఉండదు. కానీ అది మూడోవంతు పెరుగుదల. మార్పిడి రోగి పోల్చుకోవాల్సింది ల్యాబు హద్దులతో కాదు, తన పాత అంకెతో. 20, 25 శాతం పెరిగితే రెండు మూడు రోజుల్లో మళ్లీ చేయించాలి. నీళ్లు తగ్గాయా, టాక్రోలిమస్ ఎంతుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందా, స్కానులో అడ్డంకి ఉందా, డాప్లర్‌లో ధమని సన్నబడిందా చూడాలి. కారణం దొరకకపోతే బయాప్సీ, అంటే సూదితో కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం. సూదితో కిడ్నీ పోతుందన్న భయం జనంలో చాలా ఉంది, అలా పోవడం మహా అరుదు. బయాప్సీ లేకుండా చికిత్స చేయడం మాత్రం నిజమైన ప్రమాదం. రిజెక్షన్ అయితే ఇమ్యూనిటీని తగ్గించే మందులు పెంచాలి, బీకే వైరస్ అయితే తగ్గించాలి. పైకి రెండింటికీ క్రియాటినిన్ పెరుగుదల ఒక్కటే కనిపిస్తుంది. ఊహించి స్టెరాయిడ్ ఎక్కిస్తే వైరస్ చేతికి కిడ్నీని అప్పగించినట్టే.

బీకే వైరస్ చాలామంది ఒంట్లో చిన్నప్పటి నుంచీ నిద్రలో ఉంటుంది, మార్పిడి మందులతో మేలుకుంటుంది. దానికి సరైన మందు లేదు, ముందే కనిపెట్టి ఇమ్యూనిటీని అణచే మందు తగ్గించడమే చికిత్స. అందుకని మొదటి ఆరు నుంచి తొమ్మిది నెలలు నెలనెలా, తర్వాత రెండేళ్లు నిండేదాకా మూడు నెలలకోసారి రక్తంలో వైరస్‌ను వెతికే పీసీఆర్ పరీక్ష చేయించడం మంచి పద్ధతి. దాతకు సైటోమెగలో వైరస్ ఉండి గ్రహీతకు లేకపోతే సుమారు ఆరు నెలలు ఆ వైరస్‌ను అణచే వాల్‌గాన్‌సైక్లోవిర్ వాడతారు, ఆపిన తర్వాతి మూడు నెలల్లో వచ్చే జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. లైవ్ టీకాలు (బతికున్న, బలహీనపరిచిన క్రిములతో చేసినవి) ఏవైనా అవసరమైతే ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందే పూర్తిచేయాలి, తర్వాత వేయకూడదు. మూత్రనాళంలో పెట్టిన స్టెంటు గొట్టాన్ని రెండు నుంచి ఆరు వారాల్లో తీయాలి. అది మరిచిపోతే రాళ్లు, ఇన్ఫెక్షన్లు వస్తాయి. డిశ్చార్జి కాగితం మీద తీసే తేదీ ఉందో లేదో చూసుకోవాలి.

కిడ్నీ బాగానే పనిచేస్తూ ఉండగా మనిషి చనిపోవడం కూడా కిడ్నీ పోవడమే. ఆలస్యంగా జరిగే నష్టాల్లో దాదాపు సగం ఇలాంటివి, అందులో ముందుండేది గుండెజబ్బు. బీపీ 130/80 లోపు ఉండాలి. స్టెరాయిడ్లు, టాక్రోలిమస్ కొత్తగా షుగరు తెప్పిస్తాయి. ఉదయం ప్రెడ్నిసొలోన్ వేసుకునేవారికి పరగడుపు షుగరు మామూలుగానే ఉండి, మధ్యాహ్నం, సాయంత్రం పెరుగుతుంది. పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించి నిశ్చింతగా ఉండేవాళ్లు ఇక్కడే మోసపోతారు. మొదటి మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీ (కొన్ని నెలల సగటు షుగరును చెప్పే పరీక్ష) అంకెను కూడా నమ్మలేం, రక్తహీనత, రక్తం ఎక్కించడం దాన్ని తారుమారు చేస్తాయి. పొగతాగడం పూర్తిగా మానాలి. చర్మ క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ఏటా జరగాలి. గర్భం కోరుకునే స్త్రీలు మార్పిడి తర్వాత కనీసం ఏడాది ఆగి, మైకోఫినొలేట్‌ను ఆరు వారాల ముందే ఆపి, అజాథయోప్రిన్‌కు మారాలి. ఇది వైద్యుడితో కలిసి చేయాల్సిన పని, సొంతంగా ఆపకూడదు.

చివరగా దాత. వార్తలో ఆయన ఫొటో ఉంటుంది, ఆసుపత్రి ఫైలులో రెండో ఏటికే మాయమవుతాడు. దానం సురక్షితమే. అమెరికా లెక్కల్లో ఆపరేషన్ తర్వాత 90 రోజుల్లో మరణాలు ఒకప్పుడు పదివేలకు మూడు, ఇటీవలి దశాబ్దంలో పదివేలకు ఒకటి కంటే తక్కువ. కానీ సురక్షితమన్నది ప్రమాదమే లేదన్నట్టు కాదు. 2014లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 15 ఏళ్లలో కిడ్నీ విఫలమైనవారు దాతల్లో పదివేలకు సుమారు 31, అంతే ఆరోగ్యంగా ఉండి దానం చేయనివారిలో సుమారు 4. మొత్తంమీద ఇది చాలా తక్కువే, సాధారణ జనాభా కంటే కూడా తక్కువే. అయినా దాతకు ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూపించాల్సిందే. దానం తర్వాత గర్భం దాల్చే స్త్రీలలో బీపీ పెరగడం, ప్రీఎక్లాంప్సియా (బీపీతో వచ్చే ప్రమాదకరమైన గర్భకాల జబ్బు) వంటివి దాతల్లో 11 శాతం, దాతలు కానివారిలో 5 శాతం ఉన్నాయని కెనడా అధ్యయనం ఒకటి చూపించింది. పిల్లల్ని కనాలనుకునే యువతిని దాతగా ఒప్పించేముందు ఈ మాట చెప్పకపోతే ఆ సమ్మతి సమ్మతి కాదు.

మిగిలిన కిడ్నీ పని పెంచుకుని మునుపటి శక్తిలో 60, 70 శాతం దాకా తెస్తుంది. అందువల్ల 0.8 ఉన్న క్రియాటినిన్ 1.1, 1.2 అవడం సహజమే. ఆ సంగతి తెలియని వైద్యుడు కిడ్నీ జబ్బు అని రాసి భయపెడతాడు. తన పాత, కొత్త అంకెలు రెండూ రాసిన కార్డు దాత దగ్గర ఉంటే ఈ గందరగోళం ఉండదు. దాతకు ఏటా కావాల్సింది బీపీ, బరువు, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, షుగరు పరీక్షలే. నొప్పి మాత్రలు అలవాటుగా వాడకూడదు.

మీ విలేకరులు ఇలాంటి వార్త రాసేటప్పుడు ఆసుపత్రిని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మీ దగ్గర అయిదేళ్ల తర్వాత ఎన్ని కిడ్నీలు పనిచేస్తున్నాయి? దాతల్లో ఎంతమంది ఇప్పటికీ పరీక్షకు వస్తున్నారు? గ్రహీత మందులకు నెలకు ఎంతవుతుంది, అది ఎవరు భరిస్తున్నారు? ఆసుపత్రులకు మా విన్నపం ఒకటే. గ్రహీత వార్షిక పరీక్షకు వచ్చే రోజునే దాతనూ పిలిచి, ఇద్దరికీ ఒకే బల్ల దగ్గర రక్తం తీసి, రెండు రిపోర్టులనూ ఒకే ఫైలులో పెట్టండి. దాతకు ఆ రోజు ఫీజు తీసుకోవద్దు.

ఇట్లు,
కిడ్నీ మార్పిడి రోగుల, దాతల సంరక్షణలో పనిచేస్తున్న వైద్యులు, కోఆర్డినేటర్లు